కర్ర గొప్పా? కొన గొప్పా?

ఈ కథ చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా ఇన్నేళ్ళయింది కాబట్టి చెప్పేస్తాను.

2007లో నేను అమెరికాలో ఆన్‌సైట్‌లో ఉండేవాణ్ణి. ప్రతీ గురువారం సాయంత్రం ఆఫీసు పక్కనున్న పూల్ హాలుకి పోయేవాళ్ళం. నాకు ఆట నేర్పింది మా టీములోనే ఉన్న ఒక పెద్దాయన. ఊరు గుంటూరు. మేమందరం ఆయన్ని 'మాస్టారూ' అని పిలిచేవాళ్ళం. ఆయన గోడకి తగిలించి ఉన్న కర్రల్లో చేతికొచ్చినదేదో తీసుకుని, టేబుల్ మీద ఒకసారి దొర్లించి, వంకర లేదనుకుంటే దానితోనే ఆడేసేవారు. నేను కూడా రెండేళ్ళు అలాగే ఆడాను. ఆఫీసుల మధ్య జరిగే చిన్న లీగులో మేమిద్దరం జంట. ఆ ఏడాది ఎలాగో ఫైనల్ దాకా వచ్చాం. మాస్టారికి వీసా గడువు అయిపోతోంది, ఆ నెలాఖరుకి ఇండియా వెళ్ళిపోవాలి. అంటే ఆయనకి అదే ఆఖరి ఆట.

సరిగ్గా అప్పుడే నాకు బోనస్ వచ్చింది. 300 డాలర్లు పెట్టి ఒక క్యూ కొన్నాను (మా ఆవిడకి 80 అని చెప్పాను). పట్టుకుంటే అబ్బ, ఏం తూకం! ఏం దెబ్బ! ఫైనల్‌కి దాన్నే తీసుకెళ్ళాను. ఆఖరి ఎనిమిదో నంబరు బంతి నా వంతుకొచ్చింది. అలాంటిది వందసార్లు వేసుంటాను. తెల్లబంతికి కుడివైపు కొంచెం తిప్పు ఇచ్చి కొట్టాను. బంతి జేబు అంచుకి తగిలి బయటికొచ్చేసింది. ఓడిపోయాం.

మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. కారు దగ్గర మాత్రం "కర్ర మార్చావు, సరేనయ్యా. కన్ను కూడా మార్చుకోవాలిగా?" అన్నారు. ఓదార్పనుకుని ఊరుకున్నాను. దాని అర్థం నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలుసుకోవడం కోసం ఈ కర్ర చరిత్ర మొత్తం తవ్వాల్సొచ్చింది. ఆ తవ్వకమే ఇది.

మొదట్లో అసలు కర్రే లేదు. పచ్చికలో బంతుల్ని తోస్తూ ఆడే ఆటని ఇంట్లోకి తెచ్చి, బల్ల మీద పచ్చగుడ్డ పరిచి పెట్టారు. టేబుల్‌కి పచ్చరంగు అందుకే వచ్చిందంటారు. 1470 ప్రాంతంలో ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ దగ్గర బిలియర్డ్స్ బల్ల ఉన్నట్టు చరిత్రల్లో రాస్తారు. అప్పటి ఆయుధం పేరు మేస్. పొడుగు పిడి, చివర బల్లపరుపు చెక్క. మన పడవ తెడ్డుకి తమ్ముడిలా ఉండేది. దానితో కొట్టడం కాదు, తోయడమే. మరి బంతి గోడకి ఆనుకుని ఉంటే? చెక్క వెడల్పు కాబట్టి బంతి వెనక దూరదు. అప్పుడు మేస్‌ని తిరగేసి పిడి చివరతో పొడిచేవాళ్ళు. ఆ పిడిని ఫ్రెంచివాళ్ళు 'తోక' అన్నారు. వాళ్ళ భాషలో తోకని 'క్యూ' అంటారు. అదీ సంగతి! రేషన్ షాపు ముందు నిలబడే క్యూ, మనం చేత పట్టుకునే క్యూ, రెండూ ఒక్క తోకే.

17వ శతాబ్దం చివరికి, తల తీసేసి తోకతోనే ఆడితే బాగుందే అని జనానికి తోచింది. అందరికీ కాదులెండి. ఆడవాళ్ళూ, కొత్తవాళ్ళూ క్యూ పట్టుకుంటే గుడ్డ చిరిగిపోతుందని, వాళ్ళ చేతికి మేస్ ఇచ్చే అలవాటు చాలాకాలం సాగింది. మంచి పనిముట్టు ఇవ్వకుండా 'వీళ్ళకి ఆట రాదు' అనడం ఈనాటిది కాదన్నమాట.

అయితే ఆ క్యూతో కూడా పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఉత్త చెక్క కొన, గుండ్రటి నున్నటి బంతి. సరిగ్గా మధ్యలో కొడితే సరే, కొంచెం పక్కకి కొట్టారా, సర్రున జారిపోతుంది. అంటే బంతిని ముందుకి పంపడమే తప్ప తిప్పడం కుదరదు.

ఇక్కడ ప్రవేశిస్తాడు మన కథానాయకుడు ఫ్రాన్సువా మ్యాంగో. (మామిడిపండు కాదు, ఆయన ఇంటిపేరు పలికే తీరు అది.) ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్. రాజకీయ కారణాల వల్ల పారిస్‌లోని బిసెట్ర్ జైల్లో పడ్డాడు. అక్కడ ఒక బిలియర్డ్స్ టేబుల్ ఉంది. చేసేందుకు వేరే పనిలేదు. క్యూ కొనకి తోలు ముక్క అతికించి చూశాడు. తోలు బంతిని పట్టుకుంటుంది, జారదు. బంతి మధ్యకి కింద కొడితే వెనక్కొస్తుంది, పక్కన కొడితే గోడకి తగిలి వంకరగా పోతుంది. శిక్ష అయిపోయి వెళ్ళమంటే, 'నా పరిశోధన ఇంకా పూర్తవలేదు, ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి' అని అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, డెడ్‌లైన్ రోజు రాత్రి ఆఫీసులోంచి కదలని మా వాళ్ళని చూసినవాణ్ణి కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. 1807లో బయటికొచ్చి, ఊరూరా తిరిగి తన విద్య చూపించాడు. 1827లో పుస్తకం కూడా అచ్చువేశాడు.

తర్వాతి మలుపు ఇంగ్లండులో. బాత్ నగరంలో ఒక బిలియర్డ్స్ గదిలో లెక్కలు రాసే మార్కర్ జాక్ కార్. ఈయన 1820ల్లో తోలు కొనకి సుద్ద రాసి బంతిని చిత్రవిచిత్రంగా తిప్పేవాడు. ఎలాగయ్యా అంటే, 'నా దగ్గరున్న తిప్పుడు సుద్ద మహిమ' అని చెప్పి డబ్బాలు అమ్ముకున్నాడు. తీరా చూస్తే అది మామూలు సుద్దపొడి! మార్కెటింగ్‌లో మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకి తాతన్నమాట. కానీ అందులో అబద్ధం సగమే. మహిమ ఆ సుద్దలో లేకపోయినా, తోలుకీ బంతికీ మధ్య పట్టు పెరగడం మాత్రం నిజం. ఈ పక్కతిప్పుని అమెరికావాళ్ళు ఇప్పటికీ 'ఇంగ్లీష్' అనే అంటారు. ఇంగ్లండు నుంచొచ్చినవాళ్ళు చూపించారు కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. 1897లో అమెరికాలో స్పింక్స్ అనే ఆటగాడు, హాస్కిన్స్ అనే రసాయనవేత్త కలిసి కొత్తరకం సుద్దకి పేటెంటు తీసుకున్నారు. సిలికా, గరుకు ఖనిజాల పొడి కలిపి చేసింది. ఇప్పుడు టేబుల్ మీద కనిపించే నీలం బిళ్ళలు దాని సంతతే. మన బడిలో వాడే సుద్దముక్కకీ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

ఈ మధ్యలోనే, 1835లో, కొరియోలిస్ బిలియర్డ్స్ బంతుల మీద గణితంతో ఒక పుస్తకమే రాశాడు. అవును, తుపాన్లు ఎటు తిరుగుతాయో చెప్పేటప్పుడు ఫిజిక్సు పుస్తకాల్లో పేరొచ్చే ఆయనే. జైలు ఖైదీ మొదలెట్టిన పనిని పారిస్ ప్రొఫెసర్ లెక్కల్లో పెట్టాడన్నమాట.

మన దేశానికి కూడా ఇందులో వాటా ఉంది. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ ఛాంబర్లిన్ అనే కుర్ర ఆర్మీ ఆఫీసరు (ప్రధానమంత్రి ఛాంబర్లిన్ కాదు, వేరే) రంగు బంతులు చేర్చి స్నూకర్ మొదలెట్టాడు. 1882లో ఊటీ క్లబ్బులో దాని నియమాలు రాసి పెట్టారు. ఊటీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. కోస్తా, సీమ కూడా అదే ప్రెసిడెన్సీలో ఉండేవి. అంటే మా తాత ముత్తాతల పన్నులు కూడా ఆ క్లబ్బు ఖర్చుల్లో ఎంతో కొంత చేరి ఉండాలి!

స్నూకర్ వచ్చాక కర్రల దారులు రెండుగా చీలాయి. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57. స్నూకర్ క్యూ ఎక్కువగా యాష్ చెక్కతో చేస్తారు, కొన 9-10 మి.మీ. ఉంటుంది, చివర ఇత్తడి పొన్ను. పూల్ క్యూ మేపుల్ చెక్క, కొన 12-13 మి.మీ. మన హైదరాబాద్ స్నూకర్ పార్లర్లలో ఆడినవాళ్ళు అమెరికా వెళ్ళి పూల్ కర్ర పట్టుకుంటే 'ఇదేంటి, రోకలిబండలా ఉంది' అనుకునేది ఇందుకే.

ఇక అమెరికా కథ. అక్కడి హాళ్ళ గోడలకి బ్రన్స్‌విక్ కంపెనీ కర్రలు తగిలించి ఉండేవి. వాటిలో టైట్లిస్ట్ అనే రకానికి మంచి పేరు. షికాగోలో హెర్మన్ రాంబో, తర్వాత న్యూయార్క్‌లో జార్జ్ బాలబుష్కా అనే పనివాళ్ళు ఈ టైట్లిస్ట్ కర్రల్ని తీసుకుని, రెండు ముక్కలుగా కోసి, మధ్యలో జాయింటు పెట్టి, పిడికి ఐరిష్ నార చుట్టి, సొంత హంగులద్ది అమ్మేవాళ్ళు. బాలబుష్కా రష్యాలో పుట్టి చిన్నప్పుడే వలస వచ్చినవాడు. 1959లో క్యూలు చెయ్యడం మొదలెట్టి 1975లో పోయేదాకా చేశాడు. 1961లో వచ్చిన 'ది హస్లర్' సినిమా పుణ్యమా అని పూల్ జ్వరం పట్టింది, సొంత కర్ర పెట్టెలో మోసుకెళ్ళడం ఫ్యాషనైంది. ఆయన కర్రలకి స్ట్రాడివేరియస్ వయొలిన్లంత పేరొచ్చింది. 1986లో 'ది కలర్ ఆఫ్ మనీ' సినిమాలో ఆ పేరు చెప్పి చూపించిన కర్ర బాలబుష్కాది కానే కాదు, జాస్ అనే మరో కంపెనీది. అది చూసి ఎంతమంది 'ఆహా, బాలబుష్కా దెబ్బ!' అనుకున్నారో!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బాలబుష్కా కర్రల్లో చాలావాటి పిడి ఒకప్పుడు హాలు గోడకి వేలాడే మామూలు కర్రదే. పనితనం గొప్పదే, కాదనను. కానీ జనం 'దెబ్బ' అని దేన్నైతే అన్నారో, అది ఎక్కడుంది? పిడిలోనా? జాయింటులోనా? కొనలోనా?

దీనికి జవాబు 1990ల్లో ఒక రోబో చెప్పింది. ప్రెడేటర్ అనే కంపెనీవాళ్ళు 'ఐరన్ విల్లీ' అని ముద్దుపేరు పెట్టి, ప్రతీసారీ ఒకేలా కొట్టే యంత్రం చేయించారు. మనిషికైతే మూడ్లుంటాయి, ముందురోజు నిద్రలేమి ఉంటుంది, కొత్త కర్ర మీద మోజుంటుంది. యంత్రానికి అవేవీ లేవు. బంతికి పక్కన కొట్టినప్పుడు అది కర్ర చూపించిన దారిలో పోకుండా కాస్త అవతలికి తప్పుకుంటుంది. కుడివైపు కొడితే కొంచెం ఎడమకి. అది ఎంత అనేది కర్రని బట్టి మారుతుంది. దేన్ని బట్టి? బరువుని బట్టి కాదు, జాయింటుని బట్టి కాదు. కొన దగ్గరున్న కొద్ది అంగుళాల బరువుని బట్టి!

కారణం చెబుతాను, ఓపిక పట్టండి. తోలు బంతికి తగిలి ఉండేది సుమారు సెకనులో వెయ్యోవంతు. ఆ కాసేపట్లోనే బంతి తిరగడం మొదలెట్టి కొనని పక్కకి నెడుతుంది. కొన బరువుగా ఉంటే మొరాయిస్తుంది, ఆ మొరాయింపుకి బంతి రెండోవైపు తప్పుకుంటుంది. కొన తేలికైతే అదే పక్కకి జరిగిపోతుంది, బంతి తిన్నగా పోతుంది. కర్రలో ఈ పక్క కుదుపు వెయ్యోవంతు సెకనులో కొద్ది అంగుళాలే పాకగలదు. దాదాపు 29 అంగుళాల దూరంలో ఉన్న జాయింటుకి కబురందేలోపు బంతి వెళ్ళిపోయి ఉంటుంది. అందుకే ముందుభాగాన్ని గుల్ల చేసి, పొన్నుని చిన్నది చేసి కొత్తరకం కర్రలు తెచ్చారు. 2016 నుంచి కార్బన్ ఫైబర్‌వి కూడా వచ్చాయి.

నేను కొన్నది సరిగ్గా ఆ తేలిక కొన రకమే. రెండేళ్ళు గోడ కర్రతో ఆడినప్పుడు, కుడి తిప్పు ఇస్తే బంతి ఎడమకి పోతుందని నా కంటికి తెలుసు, నాకు తెలియకుండానే గురి కాస్త కుడికి జరిపేవాణ్ణి. కొత్త కర్రలో బంతి అంతగా తప్పుకోదు. నేనేమో పాత అలవాటున జరిపే ఉన్నాను. నాలుగడుగుల దూరంలో ఒక్క డిగ్రీ తేడా అంటే 0.8 అంగుళం. అంతే, జేబు అంచు. మా భాషలో చెప్పాలంటే, కింద లైబ్రరీలో బగ్ సరిచేశారు, పైన నేను రాసుకున్న ప్యాచ్ తీసెయ్యడం మర్చిపోయాను. కర్ర నాకంటే బాగుంది, చెడింది నా లెక్క. మాస్టారు అన్న 'కన్ను' ఇదే. ఆయన ఏ రోబోనీ చూడలేదు, ఏ పేపరూ చదవలేదు.

మరయితే తూకం సంగతి? అదంతా భ్రమేనా? కాదు. లెక్క వేద్దాం. 58 అంగుళాల కర్ర, 19 ఔన్సులు. వేలి మీద నిలబెడితే పిడి చివర్నుంచి 18.5 అంగుళాల దగ్గర నిలిచిందనుకోండి. పిడి చివర్లో ఒక ఔన్సు బోల్టు బిగిస్తే ఆ చోటు ముప్పావు అంగుళం వెనక్కి పోతుంది. అదే ఔన్సు మధ్యలో స్టీలు జాయింటు రూపంలో చేరితే అర అంగుళం ముందుకొస్తుంది. వెనక చెయ్యి పిడి చివర్నుంచి 12 అంగుళాల దగ్గర, ముందు చెయ్యి 48 దగ్గర ఉంటే, ముందు చేతి మీద పడే బరువు మొదటి దాంట్లో 90 గ్రాములు, రెండోదాంట్లో 110. మొత్తం బరువు రెండిట్లోనూ 20 ఔన్సులే! ఆ 20 గ్రాముల తేడా చేతికి ఇట్టే తెలుస్తుంది. చెయ్యి తిన్నగా ఆడుతుందా, వణుకుతుందా అనేది దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి తూకం నిజమే. కాకపోతే అది చేతికి సంబంధించిన నిజం. బంతికి దానితో పనిలేదు.

బరువు కూడా అంతే. బంతి 6 ఔన్సులు. శక్తేమీ వృథా కాదనుకుంటే, 19 ఔన్సుల కర్రతో కొట్టిన బంతి కర్ర వేగానికి 1.52 రెట్లతో పోతుంది, 21 ఔన్సులదైతే 1.56 రెట్లు. రెండు ఔన్సులకి తేడా రెండున్నర శాతం లోపే. దానికోసం షాపులో గంటలు గంటలు వాదించుకుంటాం.

మరి 'దెబ్బ'? దీనికి నేను ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. మా అబ్బాయి కర్రల జాయింట్ల మీద గుడ్డ చుట్టి చేతికిచ్చాడు, నేను చెవుల్లో దూది పెట్టుకుని కొట్టాను. స్టీలు జాయింటేదో, చెక్క జాయింటేదో ఒక పట్టాన పోల్చుకోలేకపోయాను. దూది తీసేశాక కాస్త నయం. ఇది శాస్త్రం కాదులెండి, ఒక్కడి సరదా. కానీ నా మటుకు నాకు అర్థమైందేమిటంటే, దెబ్బ అని మనం మురిసిపోయేదాంట్లో చాలాభాగం చప్పుడు. పైగా ఆ చప్పుడూ ఆ జలదరింపూ మన బుర్రకి చేరేసరికి బంతి ఎప్పుడో వెళ్ళిపోయింది. మనకి తెలిసేది జరిగిపోయిన దాని కబురు మాత్రమే.

చరిత్రంతా చూస్తే నాకు కనిపించింది ఇదీ. ఆటని నిజంగా మార్చినవాళ్ళంతా కొన మీద పనిచేసినవాళ్ళే. మ్యాంగో తోలు, కార్ సుద్ద, స్పింక్స్ బిళ్ళ, రోబో చెప్పిన తేలిక కొన. అవన్నీ కలిపితే జానెడు పొడుగు కూడా ఉండవు. మనం డబ్బు పోసేదేమో మిగతా నాలుగడుగుల మీద. నగిషీలూ, పొదుగుళ్ళూ, ఉంగరాలూ. తప్పేం లేదు, అందానికి ధర ఉంటుంది. కాకపోతే అందానికి కడుతున్నామని తెలిసి కట్టాలి.

ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేది ఇంతే: చేతికి నచ్చిన తూకం చూసుకోండి, తోలు కొన బాగా పెట్టించుకోండి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కర్ర మార్చకండి. మార్చారా, ఆర్నెల్లు పోటీలకి వెళ్ళకండి. ముఖ్యంగా ఇంకొకరి ఆఖరి ఆట రోజున అస్సలు మార్చకండి.

పోయినేడు గుంటూరు వెళ్ళినప్పుడు మాస్టారిని కలిశాను. రిటైరయ్యారు. వెన్నునొప్పి, ఆట మానేశారు. ఈ రోబో కథ, డిగ్రీల లెక్క, అంతా కాగితం మీద గీసి మరీ చూపించాను. నా క్షమాపణ నేను అలా చెప్పుకున్నానన్నమాట. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, "అయితే ఆ రోజు ఓడింది నీవల్ల కాదంటావు?" అన్నారు.

"కాదండీ, నావల్లే" అన్నాను.

"ఆ ముక్క చెప్పడానికి ఇంత బొమ్మ గియ్యాలా? కాఫీ తాగు" అన్నారు.